పొగాకు పుట్టిల్లు
(సత్తెనపల్లి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన సత్తెనపల్లి చుట్టూ పత్తి, మిరప చేలే ఎక్కువ. అయినా పొగాకు ఎరగనివాళ్లు ఉన్నారా? చుట్ట, బీడీ, తాంబూలంలో కాడ. తాతల నాటి నుంచీ చూస్తున్నాం కాబట్టి ఇది మన మొక్కే అనుకుంటాం. కాదు. మన మిరపలాగే ఇదీ సముద్రం దాటి వచ్చింది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి మూలవాసులు వేల ఏళ్ల కిందటే దీన్ని పెంచారు. వాళ్లకది పూజ సామాను. మనం సాంబ్రాణి వేసినట్టు, పొగ వేసి దేవుళ్లకు మొక్కేవారు. పంటినొప్పికీ, పుళ్లకూ మందుగా వాడేవారు. కొన్ని చోట్ల సున్నం కలిపి నమిలేవారు. ఆకూవక్కలో మనం సున్నం వేసుకోమూ, అట్లాగే.

1492లో కొలంబస్ ఓడలు కరీబియన్ దీవులకు చేరాయి. అక్కడి మూలవాసులు ఎండుటాకులు కానుకగా ఇచ్చారు. అవెందుకో ఆయనకు తెలియలేదు! తరవాత పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. 1617లో జహంగీరు పాదుషా పొగ తాగొద్దన్నాడు. ఎవరు విన్నారు?

గుంటూరు ప్రాంతంలో సిగరెట్టు పొగాకు సాగు 1920ల తరవాత బాగా పెరిగింది. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చింది.

ఆకు కర్రలకు కట్టేదీ, గ్రేడు చేసేదీ ఎక్కువగా మన ఆడవాళ్లే. పచ్చి ఆకు తడిగా ఉంటే, అందులోని నికోటిన్ అనే విషం చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మనమేమో ఎండదెబ్బ అనుకుంటాం. మంచు ఆరాకే కోత పెట్టమనీ, చేతులకు తొడుగులు ఇమ్మనీ మేస్త్రీని అడగండి. కడుపుతో ఉన్నవాళ్లను ఆ పనికి పంపకండి.