జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో ఇంటి భాషలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



జనాభా లెక్కలు వ్రాయువాడు గడప యొద్ద నిలిచి ‘మాతృభాష యేది?’ అని యడుగును. ప్రశ్న చిన్నదే. కాని దాని యర్థము ఎల్లప్పుడు నొక్కటిగా లేదు. 1891లో తలిదండ్రుల భాషను, 1901లో మనిషి సాధారణముగా వాడు భాషను అడిగి వ్రాసికొనిరి. 2011 నాటి నిర్వచనము ప్రకారము, బాల్యమున తల్లి బిడ్డతో పలికిన భాషయే మాతృభాష. తల్లి శైశవముననే గతించినచో, ఆ యింటిలో ప్రధానముగా వినవచ్చిన భాషను వ్రాయుదురు. కచ్చేరి భాషకు గాని బడి భాషకు గాని యీ గడిలో చోటు లేదు.

ఈ సీమలో అధిక సంఖ్యాకుల యింటి భాష తెలుగు. జగిత్యాల, కోరుట్ల పట్టణములలో ఉర్దూ మాట్లాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. వారి ఉర్దూ ఢిల్లీ ఉర్దూ కాదు, దక్కనీ. వద్దనుటకు ‘నక్కో’ అందురు. ఆ మాట మరాఠీ నుండి వచ్చినది. తెలుగు రైతు సయితము దవాఖానకు పోవును, సడక్ మీద నడచును, తక్లీఫ్ పడును. ఈ యిచ్చిపుచ్చుకొనుట ఎవరు నేర్పగా వచ్చినది కాదు. సంతలో, పొలము గట్టున, ఇరుగుపొరుగు వాకిళ్ళలో జరిగినది.

కాని ఇంటికిని బడికిని నడుమ గోడ లేచిన కాలమొకటి గడచినది. నిజాం రాజ్యమున కచ్చేరి భాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే. తన భూమికి సంబంధించిన కాగితమును తాను చదువుకొనలేక, చదివి చెప్పువాని కొరకు తిరిగిన రైతులెందరో! 1921లో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వేంకట రామారావుగారు తెలుగున మాట్లాడబోగా సభికులు గేలి చేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. దాని నుండి ఎదిగిన ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగినది. నేత మగ్గముల ఊరికి అది గొప్ప గౌరవము.

అయినను ఉర్దూను శత్రువుగా జూపుట న్యాయము కాదు. తప్పు భాషది కాదు, తెలుగు బిడ్డకు తెలుగు బడి లేకుండ జేసిన ఏర్పాటుది. సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టర్ సి. నారాయణరెడ్డిగారి చదువు ఉర్దూ మాధ్యమముననే సాగినది. ఆయన తెలుగు ఇంటిలోను, పల్లెలోను అబ్బినది. ఆ తెలుగే 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వరకు ఆయనను నడిపించినది. ఆ ఉర్దూయే తెలుగున గజళ్ళు వ్రాయుటకు తోడ్పడినది. అయితే అటువంటి ప్రతిభ అందరి యందును ఉండదు. ఇంటి భాష తెలియని బడిలో మూగవోయి, పలక పారవేసి పశువుల వెంట బోయిన బాలుర పేర్లు ఏ గ్రంథమునను లేవు.

సిరిసిల్ల పద్మశాలీల కథ మరియొక తీరు. బ్రతుకుదెరువునకై వారు షోలాపురము, భీవండి, ముంబయి చేరిరి. అచ్చట ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, కార్ఖానలో హిందీ. మరమగ్గములతో బాటు వాని మాటలును సిరిసిల్లకు వచ్చినవి. సిరిసిల్లలో మరమగ్గమును ‘సాంచె’ యందురు. అది తెలుగు మాటయేనా యని నేత కార్మికుని అడిగినచో నవ్వును. వానికది అన్నము పెట్టు మాట. కాని భీవండిలో పుట్టిన మనుమడు సెలవులకు వచ్చి తాతతో తెలుగున చక్కగా మాట్లాడును గాని, తాత చూపిన పుస్తకమును చదువలేడు. ఇంటిలో భాష బ్రతికియే యున్నది. అక్షరము మాత్రము ఒక తరములోనే జారిపోయినది. గల్ఫు దేశములకు పోయిన తండ్రుల బిడ్డలకు తండ్రి భాష ఫోనులో వినవచ్చు గొంతు మాత్రమే.

అన్నిటికంటె కష్టమైన స్థితి తండాలది. వీర్నపల్లి, ఎల్లారెడ్డిపేట ప్రాంతముల తండాలలో ఇంటి భాష లంబాడీ. దానికి స్వంత లిపి లేదు. 2011 జనాభా లెక్కలలో దేశము మొత్తము మీద 32 లక్షలకు పైగా జనులు తమ మాతృభాష లంబాడీ యని చెప్పిరి. వారినందరిని హిందీ శీర్షిక క్రిందనే చేర్చిరి. తండా ముసలమ్మకు హిందీ రాదు, లెక్కలో మాత్రము ఆమె హిందీ మనిషి! ఆమె మనుమడు తల్లిని ‘యాడి’ యని పిలుచును. ఒకటవ తరగతిలో ‘అమ్మ’ యను పాఠము వానికి పరభాషయే. వాడు ఉలుకక పలుకక కూర్చున్నచో మందబుద్ధి యని వ్రాసివేయుట సులభము. ఎరుకల కుటుంబముల బిడ్డలకును ఇదే యిక్కట్టు. ఉర్దూకు 2017లో తెలంగాణమంతట రెండవ అధికార భాషా స్థానము లభించినది. ఈ భాషలకు బడిలో బల్ల మీది చోటు కూడ లేదు.

పల్లె గ్రంథాలయము ఇచ్చట చేయదగిన పని యొకటి కలదు. తండా వృద్ధురాండ్రకు వచ్చిన పాటలను, కథలను చదువుకొన్న యువకులు తెలుగు లిపిలో వ్రాసి యుంచవచ్చును. ఒక నోటుబుక్కును, ఒక కలమును గ్రంథాలయము సమకూర్చిన జాలును. వ్రాసినది తండాలోనే బిగ్గరగా చదివి, తప్పులున్నచో ఆ వృద్ధురాండ్ర చేతనే దిద్దించి, పిమ్మట బీరువాలో తెలుగు, ఉర్దూ గ్రంథముల ప్రక్కన నిలుపవలెను. సెలవులకు వచ్చు భీవండి పిల్లల కొరకు పెద్దబాలశిక్ష ప్రతులు రెండు మూడు వేరుగా నుంచుట కూడ ఈ వేసవికి ముందే జరుగవలసి యున్నది.