వేకువజామున మేలుకొను పసివారు

తెల్లవారుజామున నాలుగు గంటలకే బిడ్డ లేచి కూర్చుండి కేరింతలు కొట్టుచుండును. తల్లికి కనురెప్పలు విడివడవు. "పెందలకడ లేచుట మంచిదే కదా, అమ్మాయీ" అని అత్తగారనుచుందురు. రాత్రి రెండుమార్లు లేచినది ఆమె కాదు గదా! ఇట్టి ఇండ్లను మేము పెక్కింటి నెరుగుదుము.

అసలు బిడ్డకెంత నిద్ర వలయును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనలను బట్టి, మూడునెలలలోపు శిశువునకు దినమునకు 14 మొదలు 17 గంటలు, ఏడాది నిండకమున్ను 12 మొదలు 16, ఒకటి రెండేండ్ల ప్రాయమున 11 మొదలు 14, మూడు నాలుగేండ్లకు 10 మొదలు 13 గంటలు. పగటి కునుకులును ఇందు చేరినవే. కావున రాత్రి ఏడింటికి పండుకొన్న రెండేండ్ల పిల్ల అయిదింటికి లేచినచో అది రోగము కాదు, లెక్క సరిపోయినదన్నమాట. నెలల శిశువు సంగతి వేరు. ఆకలికి లేచును, పాలిచ్చి, మాటలాడక, మసకవెలుతురులోనే మరల పండుకొనబెట్టవలెను.

వేకువను నిద్ర పలుచబడును. అప్పుడు కొద్దిపాటి వెలుగు, చిన్న చప్పుడు చాలును. మేనెలలో విశాఖపట్టణమున అయిదున్నర కాకమునుపే సూర్యోదయమగును. తూర్పు కిటికీకి దళసరి తెర కట్టుట మేలు. అయితే ఉక్కపోతకు గాలి తగులునట్లు చూడవలెను. గుడి మైకును మనమాపజాలము గాని, పిల్లవాని పక్కను వీధిగోడ ప్రక్కనుండి లోపలికి జరుపవచ్చును.

ఆలస్యముగా పండుకొనబెట్టిన ఆలస్యముగా లేచునని పలువురు తలంతురు. తరచు ఇది తలక్రిందగును: అలసి సొలసిన బిడ్డ నిద్ర నడుమ నడుమ తెగును. సాయంకాలపు కునుకు తగ్గించి, రాత్రి పక్కవేళను కొలది దినములలో పావుగంట చొప్పున ముందునకు తెచ్చి చూడుడు. స్నానము, అన్నము, జోల ఈ వరుస నిత్యము ఒక్కటిగా నుండవలెను. పడుకొనుటకు గంట ముందే టెలివిజను, సెల్‌ఫోను ప్రక్కన బెట్టవలెను. కన్నులు మూతపడుచుండగనే ఉయ్యాల ఊపుట మాని పక్కమీద చేర్చవలెను. లేనిచో నడిరాత్రి మెలకువ వచ్చిన ప్రతిమారును ఆ ఊపే కోరును. ఏడాదిలోపు శిశువును వెల్లకిలనే పండుకొనబెట్టవలెను, తలగడ వలదు.

ఒక్కమాట గట్టిగనే చెప్పుచున్నాము. పూర్వము కొన్ని ఇండ్లలో నిద్రకై నలుసంత నల్లమందు వేయుచుండిరి. నేడు దాని స్థానమున దగ్గుమందు చేరినది. "ఒక్క చెంచాయే కదా" యందురు. అట్టివానిలో కొన్ని పసివాని ఊపిరినే మందగింపజేయును. వైద్యుడు చెప్పక నిద్రకై ఏ మందును తాకరాదు. రోజును గురకపెట్టు బిడ్డను, నోటితో శ్వాసించుచు నిద్రించు బిడ్డను వైద్యునికి చూపవలయును.

నాలుగింటికి లేచినప్పుడు దీపము వెలిగింపక, ఎత్తుకొని వసారాలోనికి రాక, మెల్లగ జోకొట్టుచుండవలెను. అలవాటు మారుటకు ఒకటి రెండు వారములైనను పట్టును. తల్లి జోకొట్టుచుండగా తాతగారు దీపము వేసి బిస్కత్తు చేతికిచ్చినచో లెక్క మరల మొదటికి వచ్చును.