యంత్రముల మాట మన చెవికి వినబడవలెను

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఒక్క నిమిషము క్రిందట తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె ఈ వేదికపై ఒక ఫోనును పైకెత్తి పట్టుకొని నిలిచినది. ముందు చాపలపై కూర్చున్న పిల్లలలో అనేకులు చెవులు మూసికొనిరి. వెనుక కుర్చీలలో నున్న మీరు, ఇంకను మ్రోగదేమి అని ఒకరి ముఖ మొకరు చూచుకొంటిరి. మేమును మీవలెనే చూచుచుంటిమి. ఆ ఫోను మ్రోగుచునే యుండినది. సెకనుకు 16,000 కంపనములు గల ధ్వని యది. మానవుని చెవి సుమారు 20 మొదలు 20,000 కంపనముల వరకు వినగలదని పాఠ్యపుస్తకములు చెప్పును. కాని ఆ పై హద్దు బాల్యమునకు చెందినది. వయస్సు పెరిగిన కొలది హెచ్చు స్వరములు ముందుగా చేయి జారిపోవును. ఏబది దాటిన మా చెవులకు అది వట్టి నిశ్శబ్దము.

ఈ ప్రదర్శన వినోదమునకై చేసినది కాదు. ఈ సంవత్సరము మా విజ్ఞాన తరగతులలో పాత ఫోనులను ఒకదానితో నొకటి ధ్వని మూలమున మాటలాడించు అభ్యాసము జరిగినది. పిల్లలు ఆ సంగతి ఇంట చెప్పగా కొందరు తల్లిదండ్రులు మా వద్దకు వచ్చిరి. "ఫోను కీచుమన్నచో బ్యాంకులోని డబ్బు పోవునా అయ్యగారూ?" అని ఒక తల్లి అడిగిరి. "తెలుగు నేర్పుటకు బడి పెట్టుకొంటిమి గాని పిట్టకూతలు నేర్పుటకా?" అని ఒక తండ్రి అడిగిరి. రెండును న్యాయమైన ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుకొనుట మా విధి.

ధ్వనితో వార్త పంపుట మనకు క్రొత్త గాదు. బడిగంట ఒక దెబ్బ మ్రోగినచో పీరియడు మారినదనియు, ఎడతెగక గణగణ మ్రోగినచో బడి విడిచిరనియు ఒకటవ తరగతి బిడ్డకును తెలియును. తప్పెట మ్రోత వినగానే దండోరా వచ్చినదని మన పెద్దలు వీధిలోనికి వచ్చెడివారు. ఇట్టి దెబ్బకు ఇట్టి అర్థమని ఇరుపక్షములును ముందుగా ఒప్పుకొన్నచో చాలును. దానినే సంకేత మందురు.

మన తంతి ఫోనులలోని అంకెల మీటలును ఈ పద్ధతిలోనివే. 1 నొక్కినచో 697, 1209 కంపనములు గల రెండు స్వరములు ఒకేసారి పుట్టును. 5 నొక్కినచో 770, 1336. అవతలి యంత్రము ఆ జంటను విని అంకెను గుర్తించును. 1963లో అమెరికాలో ప్రజల వాడుకకు వచ్చిన పద్ధతి యిది. ఒక్క స్వరమే పెట్టినచో మాటలాడు మనిషి గొంతో, ప్రక్కవారి ఈలయో దానితో కలిసి యంత్రము మోసపోవచ్చును. రెండు స్వరములు సరిగా ఆ కొలతలతో ఒకేసారి తటస్థించుట అరుదు. బ్యాంకునకు ఫోను చేసినపుడు ఈ భాషకు ఒకటి నొక్కుడు, ఆ భాషకు రెండు నొక్కుడు అని చెప్పుదురు గదా! తెలుగు కావలెనని మనము చెప్పుకొనుటకును ఆ జంట స్వరమే సాధనమైనది.

మా పిల్లలు వాడినది ఇంతకంటె నిండైనది. బల్గేరియా దేశీయుడైన జార్జి గెర్గానోవ్ వ్రాసి అందరికిని ఉచితముగా నిచ్చిన జీజీవేవ్ అను ప్రోగ్రాము. దానిని హార్మోనియముతో పోల్చి చెప్పెదము. ఆ పెట్టెకు 96 మెట్లు కలవనుకొనుడు. వానిని పదునారేసి మెట్లు గల ఆరు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక వ్రేలు చొప్పున ఆరు వ్రేళ్లు ఉంచవలెను. ప్రతి వ్రేలును తన పదునారు మెట్లలో ఒకదానిని నొక్కును. ఆరును ఒకేసారి నొక్కగా పుట్టిన నాదములో మూడు బైట్ల సమాచారము ఇమిడియుండును. మరుక్షణము మరియొక నాదము. వినువారికి అది పిచ్చుకల కిచకిచవలె నుండును. వినెడి ఫోను తన మైకుతో గ్రహించి, ఏ మెట్లు పలికినవో లెక్క కట్టి అక్షరములుగా మార్చుకొనును. సిమ్ము లేదు, ఇంటర్నెట్టు లేదు, ప్రత్యేకమైన రేడియో పరికరము లేదు. ఒక దానికి స్పీకరు, మరియొక దానికి మైకు ఉన్న చాలును. ఈ రెండును లేని ఫోను లోకములో లేదు.

గదిలో మధ్యాహ్నపు వేళ రెండు ఫోనులును బల్లకు ఈ చివర ఆ చివర ఉంచినపుడు వార్త తప్పక చేరినది. వరండాకు మార్చినపుడు పది అడుగులలోపల బాగుగనే యుండినది. తలుపు మూయగానే తెగిపోయినది. ప్రక్క గదిలో రెండవ తరగతివారు ఎక్కములు వల్లించుచుండగా మాత్రము, ఆశ్చర్యము, సగము పర్యాయములు చేరినది. కొంత చెడినను సరిచేసికొను లెక్కను వార్తతోబాటు కలిపి పంపుటయే అందులకు కారణము. రీడ్, సాలమన్ అను ఇద్దరు గణితజ్ఞులు 1960లో ప్రకటించిన లెక్క యది. మార్కుల పట్టికలో ఒక అంకె చెరిగినను మొత్తమును బట్టి దానిని మనము పట్టుకొందుము గదా, ఆ తీరున. కాని ఆనాటి సాయంకాలము రేకుల కప్పుపై వాన కురిసినపుడు ఏ లెక్కయు పనికి రాలేదు.

విద్యుచ్ఛక్తి విషయమున ఒక మాట. మీలో గడియారముల కర్మాగారములో పనిచేయువారు కలరు. చేతి గడియారములోని క్వార్ట్జు పలుక సెకనుకు 32,768 మార్లు కంపించుననియు, అలారము గల గడియారము గింజంత బ్యాటరీతోనే కూయుననియు వారికి మేము చెప్పనక్కరలేదు. క్షణకాలము కూయుటకు శక్తి స్వల్పమే. ఎల్లవేళల చెవి యొగ్గి వినుటకే బ్యాటరీ తరుగును. కావుననే పిల్లలు నీటి తొట్టిలో తేలెడు మీటకు ఒక చిన్న బజ్జరు తగిలించి, కార్యాలయములోని పాత ఫోను పీరియడు గంట కొట్టిన తరువాత ఒక నిమిషము మాత్రమే వినునట్లు అమర్చిరి. తొట్టి నిండినదా లేదా అని మేడ యెక్కి చూచు పని మా నౌకరునకు తప్పినది.

ఇక తెలుగు సంగతి. పిట్టకూతలకును తెలుగునకును ఏమి సంబంధమని అడిగిన తండ్రిగారు ఈ భాగమును వినవలెనని మా కోరిక.

కంప్యూటరులలో నేడు వాడుకలోనున్న వ్రాతలో ఇంగ్లీషు అక్షరము ఒక బైటు. తెలుగు గుర్తు ఒక్కొక్కటియు మూడు బైట్లు. 'అమ్మ' అను మాటలో అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు. అనగా పండ్రెండు బైట్లు. అదే మాటను ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో నాలుగు బైట్లే. 'హోసూరు' పదునెనిమిది. 'కృష్ణగిరి' ఇరువది యేడు. మన ప్రక్కన చదువుచున్న తమిళ, కన్నడ బాలురకును ఇదే గతి. వారి గుర్తులును మూడేసి బైట్లే. రేడియోలో కోట్లకొలది అంకెలు సెకనులో పోవును గనుక ఈ భేదము ఎవరికిని తెలియదు. ధ్వనిలో పోవునవి సెకనుకు 8 నుండి 16 బైట్లు మాత్రమే. అందుచే మా గదిలో ఇంగ్లీషు మాట చటుక్కున ముగియుచు, తెలుగు మాట దీర్ఘముగా సాగుట పిల్లలు చెవులార వినిరి. ఎస్ఎమ్ఎస్‌లో ఇంగ్లీషున 160 అక్షరములు పట్టునంత చోట తెలుగున 70 గుర్తులే పట్టుటను మీరును చూచియుందురు.

తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములలో పంపుదమని ఒక కుఱ్ఱవాడు సూచించెను. తెలివైన సూచనయే. తరగతిలో సగము మంది సమ్మతించిరి. కాని మేము సమ్మతింపలేదు. అక్షరము ఖరీదైనదని లిపిని విడుచుట మొదలిడినచో, ఈ బడిని మనము ఇన్ని కష్టములతో నడుపుటకు కారణమేమున్నది? మా సహోపాధ్యాయులొకరు అపుడు తంతి కార్యాలయపు పద్ధతిని జ్ఞాపకము చేసిరి. 2013 జూలైలో టెలిగ్రాము ముగిసిపోయినది గాని, అంతవరకు వివాహ శుభాకాంక్షలకు, పండుగ శుభాకాంక్షలకు ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క సంఖ్య యుండెడిది. సంఖ్య మాత్రమే తంతిపై పోవును. పూర్తి వాక్యము అందువారి చేతికి వచ్చును. పిల్లలు అట్లే బడికి కావలసిన ఏబది వాక్యములను మంచి తెలుగులో వ్రాసి, రెండు ఫోనులలోను నింపిరి. ఇపుడు ఒక్క బైటు పంపినచో "నీటి తొట్టి నిండినది, మోటారు ఆపవలెను" అని తెర మీద చక్కని తెలుగున వచ్చుచున్నది. ఇంగ్లీషు వాక్యముకంటె వేగముగ వచ్చుచున్నది! ఆ ఏబది వాక్యములు సరిచూచుటలో వ్యాకరణము ఎంత నేర్చిరో మా తెలుగు పండితుల నడుగుడు.

ఇంక ఆ తల్లి అడిగిన ప్రశ్న. ధ్వనితో ధన వ్యవహారము లేకపోలేదు. 2017 సెప్టెంబరులో గూగుల్ సంస్థ మన దేశములో తేజ్ అను పేర ప్రారంభించిన చెల్లింపు పద్ధతిలో, దగ్గరనున్న రెండు ఫోనులు మనుష్యులకు వినబడని ధ్వనితో పరస్పరము గుర్తించుకొను ఏర్పాటు ఉండినది. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు బటన్ ఫోనులవారికై ప్రారంభించిన యూపీఐ 123పే అను ఏర్పాటులోని నాలుగు మార్గములలో ధ్వని మార్గము ఒకటి. కూత వినబడినంత మాత్రమున డబ్బు పోదు. చెల్లించువాడు తన రహస్య సంఖ్యను నొక్కవలెను. అయినను ఒక సంగతి మరువరాదు: ధ్వనికి తలుపులు లేవు. అదే గదిలో నున్న మూడవ ఫోను గూడ వినవచ్చును, ముద్రించుకొనవచ్చును. కావున మా పిల్లలకు పేర్లు గాని, ఫోను నంబర్లు గాని, రహస్య సంఖ్యలు గాని ఈ మార్గమున పంపరాదని కట్టడి చేసితిమి.

ఆ తల్లి భయపడవలసినది వినబడు కూతకు కాదు, వినబడని దానికి. టెలివిజను ప్రకటనలో మనకు వినబడని ధ్వనిని కలిపి, ఇంటిలోని ఫోను దానిని విని ఆ ఇంటివారు ఏమి చూచుచున్నారో యజమానికి తెలుపునట్లు చేయు సాఫ్ట్‌వేరు మన దేశములోనే తయారైనది. దానిని తమ యాప్‌లలో చేర్చుకొనిన పండ్రెండుగురికి 2016 మార్చిలో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమీషన్ హెచ్చరిక లేఖలు వ్రాసినది. డెంకణికోట ప్రాంతపు రైతులకు ఏనుగుల గుంపు నిశ్శబ్దముగా వచ్చి రాగిచేను మేసిపోవుట తెలియును. అవి నిశ్శబ్దముగా లేవు. మన చెవికి దిగువనున్న ధ్వనులతో పిలుచుకొనును. 1984లో అమెరికాలోని పోర్ట్‌లండ్ జంతుశాలలో కేటీ పేన్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని మొదట గమనించిరి. ఏనుగులకు మనపై కపటము లేదు. యంత్రములను చేయువారి విషయమున అట్లనలేము.

ఎత్తైన ధ్వనిని వాడువారు చెప్పు కారణ మొకటి కలదు: కూత చికాకు కలిగించును గనుక వినబడకుండుటే మేలు అని. మాకును రోజంతయు కిచకిచలు ఇష్టము గాదు. కాని చికాకు కలిగించు కూతను మనము ఆపగలము. వినబడని కూతను ఆపు మార్గమేది? మన బిడ్డ వినుచుండగా మనము వినలేని మాట మన ఇంటిలో జరుగుట మరియు వింత. ఈ కారణముచే మా బడిలో యంత్రములు మాటలాడు స్వరము 7,000 కంపనములకు మించరాదనియు, ఆ గదిలోని వృద్ధునకు గూడ వినబడవలెననియు నియమము పెట్టితిమి.

ఇంటికి వెళ్లిన పిదప మీరు చేయవలసినది కొంత కలదు. ఫోనులోని సెట్టింగులలో ఏ ఏ యాప్‌లకు మైకు అనుమతి ఉన్నదో చూడుడు. టార్చిలైటుకును, ఆటలకును మైకుతో పనిలేదు, తీసివేయుడు. చదువుట కష్టమైనచో ఆదివారము బడికి రండు, తొమ్మిదవ తరగతివారు చూపెదరు.

బీరువాలలో మూలబడిన పాత ఫోనులు ఉన్నచో మా కార్యాలయమున నీయవలెను. తెర పగిలినను ఫరవాలేదు గాని స్పీకరు, మైకు పనిచేయవలెను. సిమ్ము, మెమొరీ కార్డు తీసివేసి, అందలి ఫొటోలు, బ్యాంకు యాప్‌లు చెరిపి యిచ్చుడు. ఏబది వాక్యముల పట్టికను ద్వారము వద్ద అంటించితిమి. అందులో తప్పులు కనబడినను, మరికొన్ని వాక్యములు తోచినను క్రింద వ్రాసిపోవలసినదిగా కోరుచున్నాము.