చెప్పిన మాట – చేరిన మాట

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనగానే ఒంటరిగా కూర్చుండి కంప్యూటరుతో మాత్రమే పనిచేసే వ్యక్తి మన కన్నుల యెదుట మెదలుతాడు. వాస్తవం వేరు. ఒకరు వ్రాసిన ప్రోగ్రాము ఇచ్చే ఫలితాన్ని మరొకరి ప్రోగ్రాము స్వీకరిస్తుంది. ఆ యిద్దరి నడుమ నున్న అతుకు మాటలతో వేసినదే. అది సడలిన నాడు ఎంతటి విద్యయూ అక్కరకు రాదు.

ఇందుకొక నిదర్శనం. అమెరికాకు చెందిన నాసా సంస్థ 1998 డిసెంబరు 11వ తేదీన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారక గ్రహానికి పంపినది. దానిని నిర్మించినవారు లాక్‌హీడ్ మార్టిన్ ఇంజనీర్లు. దారి లెక్కించినవారు జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ వారు. ప్రయాణంలో నౌక నిలకడ కొరకు చిన్న రాకెట్లను మాటిమాటికి వెలిగించవలసి వచ్చేది. ఆ వెలిగింపుల ప్రభావాన్ని మొదటివారి ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో ఇచ్చినది. రెండవవారు న్యూటన్ల లెక్కగా గ్రహించారు. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. న్యూటన్లలోనే ఇవ్వవలెనని ఉభయుల ఒప్పందపత్రంలో వ్రాసియే ఉన్నది. ఆ ప్రకారం జరుగుచున్నదో లేదో తగినట్లు సరిచూడలేదు. 1999 సెప్టెంబరు 23న, సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున సాగవలసిన నౌక 57 కిలోమీటర్లకు దిగజారినది. గ్రహం చాటుకు పోయి మరల పలుకలేదు.

అయితే అంకెలు పొసగుట లేదని దారి లెక్కించేవారిలో కొందరికి ముందే అనుమానం కలిగినది. వారు దానిని ఈ-మెయిళ్లలో, సంభాషణల్లో ప్రస్తావించారు. కాని లోపాన్ని నమోదు చేసి, పరిష్కారమయ్యేవరకు విడువకుండా చూచుటకు ఏర్పడిన పద్ధతిని అనుసరించలేదు. విచారణసంఘం తన నివేదికలో ఈ సంగతిని ఎత్తిచూపినది. మాట చెప్పబడినది, చేరవలసిన చోటికి చేరలేదు.

మన యిండ్లలోని యువతీయువకులెందరో నేడీ వృత్తిలో ఉన్నారు. వారు గమనించవలసినవి మూడు.

మొదటిది: అంకె వ్రాసినప్పుడు కొలమానాన్నీ, గడువు చెప్పినప్పుడు తేదీతో పాటు ఏ దేశకాలమో కూడా వ్రాయవలెను. హైదరాబాదులో మంగళవారం తెల్లవారునప్పటికి కాలిఫోర్నియాలో ఇంకను సోమవారపు సాయంకాలమే. అక్కడివారికి “రేపు” అని వ్రాస్తే ఎవరి రేపు?

రెండవది: “ఏదో తేడాగా ఉన్నది” అనుట చాలదు. ఏమి చూచినారు, ఎక్కడ చూచినారు, ఉపేక్షిస్తే కలిగే నష్టమేమి, ఎవరు ఎప్పటిలోగా నిర్ణయించవలెను – ఈ నాలుగింటిని వ్రాసి, నమోదు చేసి, బదులు వచ్చేవరకు అడుగుచుండవలెను. “పెద్దలు చూచుకొంటారులే” అని ఊరకుండుట వినయం కాదు.

మూడవది: “సరేనండీ” అన్న పలుకులో విన్నామనే అర్థమున్నదో, తెలిసిందనే అర్థమున్నదో ఎదుటివారికి తెలియదు. అప్పగించిన పనిని మన మాటల్లో తిరిగి చెప్పితే అపార్థం అక్కడనే బయటపడుతుంది. అట్లే, పై అధికారి కూడ చిన్న ఉద్యోగి తెచ్చిన సందేహాన్ని విసుగుకొనక వినవలెను. ఒకసారి కసరి పంపితే అతడు రెండవసారి రాడు. అతనికి తెలిసిన ప్రమాదం అతనితోనే ఉండిపోతుంది.