ఇంటి నెట్ ఇంట్లోనే వుండాలి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు స్కాలర్‌షిప్పు దరఖాస్తు మొదలు పరీక్షా ఫలితాల వరకు అన్నీ నెట్ ద్వారానే నడుస్తున్నాయి. పల్లెల్లో చాలా ఇళ్ళకు వున్న ఆధారం ఒక్క సెల్‌ఫోనే. ఆ ఫోను ఇంటి యజమాని జేబులో వుంటుంది. ఆయన సంతకు పోతే నెట్ కూడా సంతకు పోయినట్టే! డిగ్రీ చదివే అమ్మాయి ఆయన వచ్చేదాకా ఎదురుచూడవలసిందే. కావున మేము మనవి చేసేది ఒక్కటే. ఇంటి నెట్ ఇంట్లోనే వుండాలి.

తీగ రాని ఊళ్ళో ఇందుకు సిమ్ము వేసుకునే రౌటరు వున్నది. టవరు నుండి నెట్ అందుకుని, వైఫైగా ఇంట్లో అందరికీ పంచే చిన్న పెట్టె అది. అయితే కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది కంపెనీ. ప్రకటనలు చూసి ఎంచుకోకండి. చుట్టాలు వచ్చినప్పుడు వారి ఫోన్లలో వేరువేరు సిమ్ములుంటాయి గదా, వాటితో మీ ఇంట్లోనే వేగం చూడండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఇందుకు పనికొస్తుంది. పగలొక్కటే కాదు, రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య కూడా చూడాలి. టవరు వేగాన్ని ఊరంతా పంచుకుంటుంది. అందరూ ఒకేసారి వీడియోలు పెడితే ఒక్కొక్కరి వాటా తగ్గిపోతుంది.

రెండవది చోటు. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలను కొంత దాటుతాయి. 2300, 3500 తరంగాలు అంత దూరం రావు. మందపాటి గోడలు, ఇనుప రేకులు సిగ్నలును అడ్డుకుంటాయి. కావున రౌటరును అల్మారాలో దాచక, టవరు వైపు కిటికీ దగ్గర ఎత్తుగా పెట్టాలి. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. రౌటరుకు సరిపోయే చిన్న బ్యాటరీ పెట్టె దొరుకుతుంది, తెచ్చుకుంటే మంచిది.

మూడవది డేటా లెక్క. మామూలు స్పష్టతతో వీడియో పాఠం గంటకు సుమారు 700 ఎంబీ తీసుకుంటుంది. రోజుకు 2 జీబీ ప్లానైతే ఒక్క బిడ్డ మూడు గంటల చదువుతోనే సరి! ఆపైన చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. రెండో బిడ్డ సంగతేమిటి? అందుచేత ఇంటి అవసరమంతా కూడి, ఆ తర్వాతే ప్లాను ఎంచుకోవాలి.

2023లో ఎయిర్‌టెల్, జియో సంస్థలు ఎయిర్‌ఫైబర్ పేరిట 5జీతో ఇళ్ళకు నెట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. మీ ఊళ్ళో వుందేమో కనుక్కోండి. పంచాయతీలకు ఫైబరు తీగ చేర్చే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది. అదే నేటి భారత్‌నెట్. తీగ మీ వీధికి వస్తే దానినే తీసుకోండి. తీగకున్న నిలకడ గాలికి లేదు.

ఈ సభలోని యువకులకు ఒక మాట. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక్క సాయంత్రం మీ వీధిలో నాలుగిళ్ళలో వేగం చూసి, ఏ సిమ్ము పనికొస్తుందో, రౌటరు ఎక్కడ పెట్టాలో చెప్పి రండి. పెద్దలకు మరో మాట. నెలనెలా ఇంత ఖర్చా అని లెక్క వేసేటప్పుడు, ఇంట్లో ఆగిపోయే చదువును కూడా ఆ లెక్కలో వేయండి.

సెలవు.