కొండదారిలో కర్పూరపు డబ్బా

(యలహంకలో మన సంఘ సభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠం)



మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవారము. ఉపన్యాసాలిచ్చే శక్తి మాకు లేదు. అయినా కార్యదర్శిగారు, "మీరు పిల్లల వెంట కొండలెక్కుతుంటారు గదా, ఆ సంగతే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అందుచేత నిప్పును గురించి చెప్పుకుందాము.

మన యలహంకలో రైలెక్కి దొడ్డబళ్ళాపురం దాటితే మాకళిదుర్గ స్టేషను వస్తుంది. దగ్గరనే కొండ, కొండమీద పాతకోట. మరొకవైపు నందికొండ. ఆదివారం వచ్చిందంటే మన ఇళ్లలోని కుర్రవాళ్లు వీపున సంచులు తగిలించుకొని బయలుదేరుతున్నారు. సంతోషమే. కాని ఆ సంచి ఒకసారి విప్పి చూడండి. రవ్వలు రాల్చే సీమకడ్డీ ఒకటి, నిప్పు రాజేసే బిళ్ళల పొట్లం ఒకటి, వందలు పోసి కొన్నవి కనబడతాయి. అవి చెడ్డవని మేము అనము. కాని అంతకంటె తేలికైనవి, చవకైనవి అమ్మగారి దేవుడి గూటిలోనే ఉన్నాయి.

అసలు నిప్పెందుకని అడుగుతారేమో. ఈ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వానలెక్కువ. కొండమీద బట్టలు తడిసి, గాలి కొట్టి, దారి తప్పి చీకటిపడితే మనిషికి ముందు వణుకు, తరువాత మాట తడబాటు, ఆపైన మగత వస్తాయి. తడిబట్టతోనే ఉండి వణుకు ఆగిపోయినవాడికి నెమ్మదించిందని అనుకోరాదు. అతని ఒంట్లోని వేడి మరీ తగ్గిపోయిందని అర్థం. ఇందుకు హిమాలయాలదాకా పోనక్కరలేదు. అప్పుడు మొదట కావలసినవి పొడిబట్ట, గాలి తగలని చాటు. అవి చాలనప్పుడు నిప్పు.

కర్పూరం సంగతి మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. నీటిమీద తేలుతూ కూడా మండుతుంది. బిళ్ళ తడిసినా తుడిచి అంటించవచ్చు. దాని దోషమల్లా హరించుకుపోవటమే. మన అమ్మమ్మలు డబ్బాలో నాలుగు మిరియపు గింజలు వేసేవారు. మిరియాల మహిమ ఎంతో గాని, మూత బిగువే ముఖ్యమని మా అభిప్రాయం. అమ్మలారా, ఇంకొక మాట. పూజకర్పూరం విషం. పసిపిల్లలు పిప్పరమెంటు బిళ్ళ అనుకొని మింగితే ఫిట్లు వస్తాయి. ఆ డబ్బాను తినుబండారాల పక్కన ఎన్నడూ ఉంచవద్దు. ఆ పొగమీద ఏదీ కాల్చి తినవద్దు.

తరువాతది దూదివత్తి. వాసెలీను పూసి వేళ్లతో బాగా పిసికిన వత్తులు పది చేసుకుంటే తులం బరువుండవు. మేము మేడమీద పొడి దూదిని, వాసెలీను వత్తిని పక్కపక్కన అంటించి చూశాము. పొడి దూది భగ్గుమని చిటికెలో బూడిద అయింది. వాసెలీను వత్తి నిమిషాలపాటు నిలిచి మండింది. దీపంలో వత్తికీ నూనెకూ ఉన్న సంబంధమే ఇదీను. అంటించేముందు వత్తిని కొంచెం చీల్చి లోపలి పొడిపోగులు బయటికి లాగాలి, లేకుంటే రవ్వ పట్టదు. నేతివత్తులూ మండుతాయి గాని, మన ఎండకు నెయ్యి కరిగి సంచి పాడవుతుంది, చీమలు పడతాయి.

కొబ్బరిపీచు, కొవ్వొత్తి ముక్క కూడా మంచివే. సైకిలు ట్యూబు ముక్క వానలోనూ మండుతుంది. నల్లని పొగ, దుర్వాసన తప్పవు. ఇనుప పీచు బాటరీకి తాకిస్తే రాజుకుంటుందని కుర్రవాళ్లు పుస్తకాలలో చదివి గిన్నెలు తోమే పీచు పట్టుకుపోతున్నారు. మన బజారులో దొరికే మెరుపు చుట్టల స్టీలు పీచుతో ఆ పని జరగదు. దానికి సన్నని ఇనుప ఉన్ని వేరే ఉన్నది.

ఇక అగ్గిపెట్టె. 2021 డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలైనా అంతకంటె చవక వస్తువు లేదు. కాని పుల్లలు మాత్రమే పొడిగా ఉంటే చాలదు. పుల్ల అంటుకోవటానికి కావలసిన ఎర్రభాస్వరం పెట్టె పక్కనున్న గీతలో ఉన్నది. ఆ గీత నానిపోతే పుల్లలెన్ని ఉన్నా దండగ. కాబట్టి పెట్టె మొత్తాన్ని ప్లాస్టికు సంచిలో చుట్టాలి. మన తాతలు చెకుముకి సంచి మొలను కట్టుకొని, రాయి, ఉక్కు, దూది మూడూ పొడిగా కాపాడుకునేవారు. వారిపాటి జాగ్రత్త మనకు ఉండవద్దా?

కర్పూరం ఉన్నదని లావు దుంగమీద పెడితే లాభం లేదు. అగ్గిపుల్లంత సన్నవి గుప్పెడు, చిటికెనవేలంత లావువి గుప్పెడు ముందుగా చేర్చుకోవాలి. వానలో పైపుల్లలు తడిసినా, రాలిన ఎండుకొమ్మను చీలిస్తే లోపల పొడిచెక్క దొరుకుతుంది. అడుగున బల్లపరుపు రాయో, బెరడో పరచాలి. వాగులోని రాళ్లు మాత్రం తేవద్దు. లోపల ఇమిడిన నీరు వేడికి ఆవిరై రాయి పేలుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేల సంఖ్యలో నల్లమల అడవిగుండా శ్రీశైలానికి నడిచిపోతారు. ఆత్మకూరువైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే దారి అది. మనవారిలోనూ ఈ యేడు బయలుదేరేవారున్నారు. అది పెద్దపులుల అభయారణ్యం. అక్కడ నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి రక్షిత అడవులకు కర్ణాటకవారి 1963 నాటి అటవీ చట్టం ఉన్నది. చట్టం మాట అటుంచండి. ఉగాది నాటికి ఆకు రాలి, బోద గడ్డి ఎండి, అడవి అంతా వత్తిలాగే ఉంటుంది. 2018 మార్చి 11న తమిళనాడులో తేని దగ్గర కురంగణి కొండలమీద నడకకు పోయినవారిని ఎండుగడ్డి మంట చుట్టుముట్టింది. ఇరవైమందికి పైగా పోయారు. అందుచేత మేము చెప్పిన డబ్బా వానకాలపు ఆపదకు. ఉగాది యాత్రకు దానిని ఇంటనే వదలండి. అటుకులు, బెల్లం, పేలపిండి కట్టుకుపోండి, పొయ్యి అవసరముండదు. మాకళిదుర్గకు పోయేవారు కూడా అటవీశాఖవారి అనుమతి కనుక్కొనే పోవాలి.

రైలు ఉద్యోగులముగా ఒకటి చెప్పక తప్పదు. గ్యాసు, కిరసనాయిలు, స్పిరిటు పెట్టెలోకి తేవద్దు. 2023 ఆగస్టు 26న మదురైలో యాత్రికుల పెట్టెలో దొంగతనంగా తెచ్చిన సిలిండరు వల్ల మంట లేచి తొమ్మండుగురు మరణించారు. ఉదయపు టీ కోసమే అంతా. 1989 నాటి రైల్వే చట్టంలో ఇందుకు మూడేండ్ల వరకు జైలు ఉన్నది. పెట్టెలో హారతి వెలిగించటమూ వద్దు. దేవుడు స్టేషను దిగేవరకు ఆగుతాడు.

మేము తయారుచేసిన డబ్బా ఆ బల్లమీద ఉన్నది. అక్కయ్యలు, తమ్ముళ్లు విప్పి చూడవచ్చు. మూత మాత్రం వెంటనే బిగించండి, కర్పూరం హరించుకుపోతుంది.