పాటకు ఆడే దీపాలు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



డిసెంబరు వచ్చిందంటే మా గుంటూరులో క్రైస్తవుల ఇళ్ళ ముందు కాగితపు స్టార్లు వేలాడతాయి. లోపల ఒక బల్బు, చుట్టూ ఎర్ర కాగితం, గేటుకి రెండు సీరియల్ సెట్లు. మా ఇంట్లోనూ అంతే. పండగ దీపాలకు ఇంతకంటే ఏం కావాలి అనేదాన్ని. 2022లో మా అమ్మాయి పురుడికని అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి వెళ్ళి, చలికాలం అక్కడ గడిపి వచ్చాక ఆ మాట అనడం మానేశాను.

అక్కడ కొన్ని ఇళ్ళు పాటకు తగ్గట్టు వెలుగుతాయి. వూరికే మిణుకు మిణుకుమనడం కాదు. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడు గుమ్మం వెలుగుతుంది. వయొలిను పైస్థాయికి వెళ్తుంటే చూరు వెంట వెలుగు పాకుతుంది. పాట ఒక్క క్షణం ఆగిందా, ఇల్లంతా చీకటి!

క్రిస్మస్ చెట్టుకు కరెంటు దీపాలు పెట్టడం 1882లో న్యూయార్కులో మొదలైంది. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన తన ఇంట్లో చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 పెట్టి, ఆ చెట్టును గుండ్రంగా తిరిగేట్టు చేశాడు. ఇంటి దీపాలను పాటతో జతచేసి లోకమంతా నోరు తెరిచేట్టు చేసినాయన మాత్రం మా అమ్మాయి వాళ్ళ ఒహాయో రాష్ట్రం వాడే. మేసన్ అనే వూళ్ళో కార్సన్ విలియమ్స్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు 2004 క్రిస్మస్‌కి తన ఇంటికి 16,000 దీపాలు పెట్టి, వాటిని 88 భాగాలు చేసి, ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రా వారి 'విజార్డ్స్ ఇన్ వింటర్' అనే వాద్యసంగీతానికి ఆడించాడు. ఆ వీడియో 2005లో ఈ-మెయిళ్ళ మీద దేశదేశాలు తిరిగింది. ఆయన కథ ఇంకా వుంది, తర్వాత చెబుతాను.

మా అల్లుడుగారికి ఆ వీడియో అంటే పిచ్చి. మనవరాలి మొదటి క్రిస్మస్ గనుక తానూ చెయ్యాలన్నారు. చిన్నదే లెండి, 16 ఛానళ్ళు. ఛానలంటే ఒక స్విచ్చి అనుకోండి. కిటికీ చుట్టూ దీపాలు ఒక స్విచ్చి, చూరు ఎడమ భాగం ఒకటి, కుడి భాగం ఒకటి, ముందున్న పొద ఒకటి. ఆ స్విచ్చిలన్నీ ఒక పెట్టెలో వుంటాయి. ఏది ఎప్పుడు వేసి ఎప్పుడు తియ్యాలో కంప్యూటరు చెబుతుంది. మరి కంప్యూటరుకి ఎవరు చెప్పాలి? అసలు పని అక్కడుంది.

సెకనును 20 ముక్కలు చేస్తారు. మూడు నిమిషాల పాటకు 3,600 ముక్కలు. పదహారు స్విచ్చిలకూ లెక్కేస్తే 57,600 గళ్ళు. ముగ్గు వేసేవాళ్ళకి ఈ లెక్క భయం పుట్టించదు. చుక్కలు ఎన్నైనా వరస తెలిస్తే చెయ్యి దానంతటదే పోతుంది. అల్లుడుగారికి కంప్యూటరు వచ్చుగాని తాళం రాదు. దీపాలు పాటకు అర సెకను వెనకబడి వెలుగుతుంటే ఎక్కడ తప్పిందో ఆయనకు అంతుబట్టేది కాదు. నేను చర్చి క్వయరులో ముప్ఫై ఏళ్ళు పాడినదాన్ని. మనవరాలిని వొళ్ళో వేసుకుని, పాట వింటూ దెబ్బ పడ్డచోటల్లా కీబోర్డు మీద ఒక మీట నొక్కేదాన్ని. అక్కడ గీత పడేది. "అత్తయ్యా, మీరు లేకపోతే ఈ ఏడు దీపాలు లేవు" అన్నారాయన.

ఒక్క విషయంలో మాకు పేచీ వచ్చింది. 'సైలెంట్ నైట్' కూడా పెట్టాం. 1818లో ఆస్ట్రియాలో ఓబెర్న్‌డోర్ఫ్ అనే వూరి చర్చిలో మొదటిసారి పాడిన పాట అది. జోలపాటలా నెమ్మదిగా వూగుతుంది. అల్లుడుగారు దానికీ టపటపా దీపాలు కొట్టించారు. పిల్లను నిద్రపుచ్చుతూ పళ్ళెం మోగించినట్టుంది బాబూ అన్నాను. చివరికి దీపాలు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేట్టు మార్చారు. పదహారింటిలో పన్నెండు స్విచ్చిలు ఆ పాటలో పూర్తిగా ఆరే వుంటాయి. అందరికీ నచ్చింది ఆ పాటే.

ఇక మొదటి రాత్రి సంగతి. వరండాలో స్పీకరు పెట్టి పాట మోగించాం. పిల్లలు చేరారు. అరగంటకు పక్కింటి పెద్దావిడ కోటు వేసుకుని మంచులో నడిచి వచ్చింది. దీపాలు చాలా బాగున్నాయి, కానీ మా ఆయన ఆసుపత్రి నుంచి నిన్ననే వచ్చాడు, నిద్ర పట్టడం లేదు అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది. మనం పండగ చేసుకుంటున్నాం, గోడ అవతల ఏం జరుగుతోందో ఒక్కరమూ కనుక్కోలేదు.

మేసన్‌లో ఆ ఇంజనీరు దీనికి ముందే వుపాయం ఆలోచించాడు. స్పీకరు లేదు. చాలా తక్కువ శక్తిగల ఎఫ్.ఎం. ప్రసారం పెట్టి, చూడవచ్చినవాళ్ళు కారు అద్దాలు బిగించుకుని రేడియోలో వినే ఏర్పాటు చేశాడు. వీధి నిశ్శబ్దం, కార్లలో సంగీతం! రేడియోలో మాట్లాడుతున్నానని పొగడ్డం కాదుగాని, నాకీ వుపాయం దీపాలకంటే గొప్పదనిపించింది. మర్నాడే మావాళ్ళూ అలాంటి చిన్న పెట్టె తెప్పించారు. కొన్ని గజాల దూరం పోయేంత బలహీనమైన ప్రసారానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. పక్కింటావిడకు ఏ అంకె దగ్గర వినాలో చీటీ రాసిచ్చాం. ఆవిడ వంటింటి రేడియోలో పెట్టుకుని కిటికీలోంచి చూసేది. ఆయన నిద్రపోయాక.

అయితే అంత ఆలోచించిన విలియమ్స్‌కీ చిక్కు తప్పలేదు. చూడవచ్చే కార్లతో ఆ వీధులు కిక్కిరిసిపోయాయి. 2005 డిసెంబరులో ఆ కాలనీలో ఒక కారు ప్రమాదం జరిగితే, పోలీసులు ఆ రద్దీలో అక్కడికి చేరడం కష్టమైంది. ఆయన దీపాలు ఆపేశాడు. చప్పుడు లేకుండా చెయ్యగలిగాడు గాని, జనాన్ని రానివ్వకుండా ఎవరు చెయ్యగలరు? అమ్మాయి ఈ సంగతి చెప్పాక మేము వారానికి మూడు రోజులే, అదీ రాత్రి తొమ్మిది దాకానే వేశాం.

తిరిగొచ్చాక 2023లో గుంటూరులో మేమూ చేశాం. ఇంజనీరింగు చదివే మా మరిది కొడుకు నాలుగు రిలేలు బిగించి నాలుగు సెట్లు ఆడించాడు. రిలే అంటే వేస్తుంది, తీస్తుంది, అంతే. మెల్లగా తగ్గించడం దానికి రాదు. అంచేత హుషారైన పాట ఒక్కటే పెట్టాం. బజారులో పాటకు ఆడే దీపాలని మైకున్న సెట్లు అమ్ముతారు. అవి పాటకే కాదు, చప్పట్లకూ కుక్క అరుపుకూ కూడా ఆడతాయి.

అమెరికా నుంచి దీపాలు తెచ్చుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి. అవి 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మాడిపోతాయి. ఎల్.ఇ.డి. సెట్లు కొనండి. పాత రకం వంద బుల్లి బల్బులకు 40 వాట్ల దాకా పడితే వీటికి 5 వాట్ల దగ్గర సరిపోతుంది. బయట వాడే వైరు బయటికి పనికొచ్చేదే కావాలి. అతుకులు నేల మీద, తడిలో వుండకూడదు. డిసెంబరులో మన కోస్తాలో వాన పడదని ఎవరూ హామీ ఇవ్వరు. మెయిన్ దగ్గర షాకు తగిలితే కరెంటు ఆపే 30 మిల్లీ యాంపియర్ల బ్రేకరు పెట్టించకుండా దీపాల జోలికి పోవద్దు. సెకనుకు మూడుసార్లకు మించి టకటకా వెలిగి ఆరే దీపాలు పెట్టకండి. మూర్ఛ వున్న కొందరికి వాటివల్ల ఫిట్సు రావచ్చు.

ప్రసారం పెట్టెలు మాత్రం అక్కడ తెచ్చి ఇక్కడ వాడెయ్యకండి, మన లైసెన్సు నిబంధనలు వేరు. మేము కిటికీలో చిన్న స్పీకరే పెట్టాం. రాత్రి పది తర్వాత లౌడుస్పీకర్లు కూడదని మనకు 2000 సంవత్సరం నుంచీ నియమం వుంది. మేము తొమ్మిదిన్నరకే ఆపేశాం. మొదలుపెట్టే ముందు రోజు కింది వాటాలో వాళ్ళింటికి వెళ్ళి, మీ ఇంట్లో పరీక్షలు రాసేవాళ్ళుగాని, వొంట్లో బాగాలేనివాళ్ళుగాని వున్నారా అని అడిగి వచ్చాను. వున్నారన్నారు. పెద్దాయనకు కంటి ఆపరేషను అయిందట. ఆయన గది కిటికీ వైపు వేలాడదీసిన సెట్టు విప్పి అవతలి వైపు కట్టాం. నాలుగు సెట్ల పాట మూడు సెట్లకు తిరగరాయడానికి పిల్లాడికి రెండు రాత్రులు పట్టింది.